పొద్దున పదిన్నరకి పెద్ద భోజనం: ఒక కర్రీ పాయింట్ ఆవిడ కేస్ స్టడీ

ఆవిడ మొదటిసారి నా దగ్గరికి వచ్చింది జూలై రెండో వారంలో. వయసు 47. విజయవాడలో ఏలూరు కాలువకి దగ్గర్లో కర్రీ పాయింట్ నడుపుతారు. పేరు రాయడం లేదు. మిగతాదంతా ఆవిడకి చదివి వినిపించి, సరేనన్నాకే రాస్తున్నాను. చేతిలో ఒక క్యారీ బ్యాగు, అందులో రిపోర్టుల ఫైలు, దాని మీద మూడు డైట్ చార్టులు. ఒకదానికి లామినేషన్ కూడా చేయించారు. మూడింటినీ నా బల్ల మీద వరసగా పరిచి, "వీటిలో నా ఒంటికి ఏది పడుతుందో చెప్పండి మేడంగారూ, అదే చేస్తాను" అన్నారు.

డైటీషియన్‌గా పద్నాలుగేళ్లుగా దాదాపు రోజూ వింటున్న ప్రశ్న ఇది. ఏం తినాలన్నది చాలామందికి ఎంతోకొంత తెలుసు. ఎప్పుడు తినాలి, ఎన్నిసార్లు తినాలి, ఏ పూట ఎంత తినాలి అన్న దగ్గరే తికమక పడతారు. ఆ జవాబు చార్టులో దొరకదు, ఆ మనిషి గడిపే రోజులోనే వెతకాలి. నేనిచ్చిన మొదటి చార్టు కూడా ఈ కేసులో పనికిరాలేదు. అది కూడా ఉన్నది ఉన్నట్టు రాస్తాను, ఎందుకంటే అసలు సంగతి తెలిసింది ఆ తర్వాతే.

వచ్చిన రోజు పరిస్థితి

ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 71.4 కిలోలు, నడుము 96 సెంటీమీటర్లు. మన దేశపు ఆడవాళ్లకి నడుము 80 దాటితేనే జాగ్రత్త పడమని చెబుతాం. షుగర్ బయటపడి మూడేళ్లయింది. పరగడుపున 138, తిన్న రెండు గంటలకి 212, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 7.6. హిమోగ్లోబిన్ 10.4. థైరాయిడ్ బాగానే ఉంది. రాత్రి పడుకుంటే గుండెల్లో మంట, పొద్దున లేస్తే పుల్లటి తేన్పులు, మలబద్ధకం. మధ్యాహ్నం అన్నం తిన్నాక కళ్లు మూతలు పడిపోతాయి.

షుగర్‌కి మెట్‌ఫార్మిన్ 500 మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వాడుతున్నారు. పొద్దున మాత్రని వట్టి టీతో మింగుతున్నారు. ఈ మాత్రని తిండితో వేసుకోవాలి. ఖాళీ కడుపున వేసుకుంటే చాలామందికి వికారం, కడుపులో తిప్పడం వస్తాయి. ఆవిడ దాన్ని గ్యాస్ అనుకుని మూడేళ్లుగా భరిస్తున్నారు.

ఇక ఆ మూడు చార్టులు. మొదటిది, రోజుకి ఆరుసార్లు కొద్దికొద్దిగా తినమన్నది. అలా తింటే జీవక్రియ వేగం పుంజుకుంటుందని దాని మీద రాసి ఉంది. అది నిజం కాదు. తిన్నదాన్ని అరిగించుకోవడానికి ఒళ్లు ఖర్చు పెట్టే శక్తి, మొత్తం ఎంత తిన్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. దాన్ని ఆరుగా పంచినా మూడుగా పంచినా పెద్ద తేడా రాదు. ఆరుసార్లు తినడం కొందరికి బాగా పడుతుంది, ముఖ్యంగా ఒక్కసారిగా ఎక్కువ తినలేనివాళ్లకి. ఈవిడకి మాత్రం రోజూ తినేదానికి తోడు ఇంకో మూడు సార్లు అదనంగా తిన్నట్టయింది. నెలలో రెండు కిలోలు పెరిగారు.

రెండోది, పదహారు గంటల ఉపవాసం. వీడియో చూసి మొదలుపెట్టారు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది లోపే తినాలి. కానీ పన్నెండింటికి కొట్టు ముందు జనం నిలబడి ఉంటారు, ఎనిమిదింటికీ అంతే. తొమ్మిది రోజుల్లో వదిలేశారు. ఈ పద్ధతి చెడ్డదని నేను అనను. చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మంది ఊబకాయులతో ఏడాదిపాటు చేసిన పరిశోధన 2022లో వచ్చింది. కేలరీలు ఒకేలా తగ్గించినప్పుడు, ఎనిమిది గంటల్లోనే తిన్నవాళ్లకీ వేళ పట్టింపు లేకుండా తిన్నవాళ్లకీ బరువు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గడియారం పెట్టుకోవడం వల్ల తక్కువ తినగలిగేవాళ్లకి అది సాయం చేస్తుంది, అంతవరకే.

మూడోది, రాత్రి అన్నం మానేసి చపాతీ. మన ఇళ్లలో షుగర్ అనగానే మొదట జరిగే మార్పు ఇదే కదా. ఆవిడ నాలుగు చపాతీలు తినేవారు. ఒక్కోదానికి 35 గ్రాముల పిండి లెక్కేసినా 140 గ్రాములు, అంటే 470 కేలరీల పైన. అన్నంలో వచ్చిన పిండిపదార్థమే చపాతీలోనూ వచ్చింది. షుగర్ తగ్గలేదని ఆవిడ ఆశ్చర్యపోయారు కానీ, తగ్గడానికి అక్కడ కారణమే లేదు.

నా చార్టు నాలుగు రోజులే నిలిచింది

అన్నీ విన్నాక నేను కూడా ఒక కాగితం రాసిచ్చాను. ఎనిమిదింటికి టిఫిన్, ఒంటిగంటకి భోజనం, ఐదింటికి గుగ్గిళ్లు, ఏడున్నరకి రాత్రి భోజనం. పుస్తకం ప్రకారం అందులో తప్పు పట్టడానికి లేదు. నాలుగో రోజు ఫోన్ చేసి చాలా మర్యాదగా చెప్పారు: "మేడంగారూ, మీ కాగితం బాగానే ఉంది. ఒంటిగంటకి మాత్రం నా చేతులు ఖాళీగా ఉండవు."

ఆ మాట విన్నాక నాకు సిగ్గేసింది. ఆవిడ ఏ పని చేస్తారో అడిగాను, రాసుకున్నాను కూడా. ఆ పని ఏ గంటకి ఎలా ఉంటుందో అడగలేదు. చార్టు అనేది చాలావరకు పది నుంచి ఐదింటి దాకా ఆఫీసులో కూర్చునేవాళ్ల రోజుని మనసులో పెట్టుకుని రాసేది. మన చుట్టూ అలాంటి రోజు గడిపేవాళ్లు ఎంతమంది?

అందుకని ఒక వారం పాటు ఏమీ మార్చొద్దన్నాను. ఎప్పటిలాగే తినండి, తిన్న ప్రతిదీ ఫోటో తీసి పంపండి, రాయడం కష్టమైతే వాట్సాప్‌లో మాట్లాడి పంపండి అన్నాను. ఇంకొక్కటి అడిగాను. తినే ముందు ఎంత ఆకలిగా ఉందో సున్నా నుంచి పదిలో ఒక అంకె చెప్పమన్నాను. ఈ అంకె చాలామందికి చిన్నపిల్లల ఆటలా అనిపిస్తుంది. నాకు మాత్రం ఏ రక్తపరీక్షకీ తీసిపోదు.

వారం తర్వాత ఆవిడ రోజు ఇలా కనిపించింది. ఐదుంపావుకి లేవగానే టీ, రెండు స్పూన్ల పంచదార. ఆరింటికి రైతుబజారు. ఏడింటికి ఇంకో టీ. ఏడు నుంచి పదకొండు దాకా వంట. పదకొండున్నర నుంచి రెండున్నర దాకా అమ్మకం. మూడుంపావుకి భోజనం, అది కూడా రెండు పళ్లేల అన్నం, తూచి చూస్తే 420 గ్రాములు. చెయ్యి కడుక్కుని నేరుగా పడక. నాలుగున్నరకి టీ, దాంతో మిక్స్చరో, పక్క బండి మీది బజ్జీలో. మళ్లీ వంట, ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా అమ్మకం, గిన్నెలు, లెక్కలు. పదింపావు దాటాక ఇంటిల్లిపాదీ కూర్చుని భోజనం, మళ్లీ 380 గ్రాముల అన్నం. పదకొండుంపావుకి నిద్ర. టీలు మొత్తం ఐదు. అంటే పది స్పూన్ల పంచదార, సుమారు 50 గ్రాములు.

నన్ను ఎక్కువగా కదిలించింది కూరగాయల లెక్క. రోజుకి ముప్పై కిలోల కూరగాయలు తరిగి వండే మనిషి, తన పళ్లెంలో వేసుకునేది 150 గ్రాములు కూడా లేదు. అమ్మకానికి చేసింది తనకి వేసుకుంటే తగ్గుతుందని, అడుగు మిగిలిందే తింటారు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం, 2000 కేలరీల రోజుకి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, వండకముందు తూకంలో 250 గ్రాముల ధాన్యాలు, 85 గ్రాముల పప్పులు, 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు ఉండాలి. ఆవిడ అన్నం ఒక్కటే ఆ ధాన్యాల లెక్కని దాటిపోయింది.

స్టీలు గిన్నె

ఫోటోల్లో కనిపించనిది ఒకటుంది. వండేటప్పుడు ఉప్పు చూడటం. "ఏమైనా తిన్నారా?" అంటే "ఏం లేదు మేడంగారూ, ఉప్పు చూశానంతే" అనేవారు. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. ఉప్పు చూడటాన్ని తినడం అని ఎవరం అనుకుంటాం?

ఒక గురువారం పొద్దున నేనే వెళ్లాను. కొట్టు వెనక చిన్న వంటగది, రెండు పెద్ద గ్యాస్ పొయ్యిలు. ఒక చిన్న స్టీలు గిన్నె ఇచ్చి, నోట్లో వేసుకునే ప్రతిసారీ అంతే మోతాదు ఈ గిన్నెలో కూడా వేయమన్నాను. ఆవిడ గరిటెతో కొంచెం తీసి, ఎడమ అరచేతిలో వేసుకుని, ఊది నాలుక మీద పెట్టుకుంటారు. పప్పుకి రెండుసార్లు. గుత్తి వంకాయకి మూడుసార్లు, ఎందుకంటే కారం పట్టిందో లేదో చూడాలి. బంగాళదుంప వేపుడులో కరకరలాడేవి నాలుగు ముక్కలు. రొయ్యల ఇగురులో ఒక రొయ్య. గోంగూర, దప్పళం, దొండకాయ వేపుడు, టమోటా పచ్చడి. పదకొండింటికి గిన్నె తూచాం. 210 గ్రాములు. పైన నూనె తేలి, గిన్నె అంచులకి ఎర్రగా పట్టుకుంది.

ఆవిడ ఆ గిన్నె వైపు చాలాసేపు చూశారు. "ఇదంతా నేను తిన్నానా?" అన్నారు. సాయంత్రం వంటకి ఇంకో 160 గ్రాములు తేలింది. రెండు పూటలదీ కలిపితే నా లెక్కలో తక్కువలో తక్కువ 400 కేలరీలు. ఆకలి తీరకుండానే, తిన్నామన్న తృప్తి లేకుండానే లోపలికి వెళ్లిన ఒక పూట భోజనం అది. పదహారు గంటల ఉపవాసం ఎందుకు పని చేయలేదో కూడా అప్పుడే తెలిసింది. ఉపవాసం అనుకున్న ఆ పొద్దుటి పూటంతా ఒంట్లోకి తిండి వెళుతూనే ఉంది.

ఆకలి అంకెలు కూడా అప్పుడే అర్థమయ్యాయి. ఎనిమిదింటికి ఆకలి రెండు. పదిన్నరకి ఎనిమిది, "కడుపులో గుంజుతోంది" అన్నారు ఒక వాయిస్ మెసేజ్‌లో. మూడుంపావుకి ఏడు. సాయంత్రం ఆరింటికి మళ్లీ ఏడు. రాత్రి పదిన్నరకి మూడు. ఆకలి మూడు ఉన్నప్పుడు 380 గ్రాముల అన్నం ఎందుకు?

అడిగాను. కొంచెం ఆలోచించి, "అప్పుడే కదా మేడంగారూ నేను కూర్చునేది" అన్నారు. పొద్దుటి నుంచీ నిలబడే ఉంటారు. భర్త, ఇంజనీరింగ్ చదివే కూతురు, అత్తగారు, నలుగురూ ఒకచోట చేరేది ఆ అరగంటే. అది మానేయమంటే ఏ మనిషైనా ఎందుకు మానేస్తుంది? అప్పటికి నాకు దారి దొరికింది. రాత్రి కూర్చోవడం అలాగే ఉండాలి, అన్నం మాత్రం అక్కడి నుంచి కదలాలి.

ఒకే పళ్లెం, మూడు వేళలు

ఎక్కడికి కదపాలో ఒంటినే అడుగుదామనుకున్నాం. ఒకే పళ్లెం: 200 గ్రాముల అన్నం, ఒక కప్పు పప్పు, 150 గ్రాముల బీరకాయ కూర, 100 గ్రాముల పెరుగు. దీన్ని ఒకరోజు పొద్దున పదిన్నరకి, ఒకరోజు మధ్యాహ్నం మూడుంపావుకి, ఒకరోజు రాత్రి పదిన్నరకి తినాలి. ఒక్కో వేళకి రెండేసి రోజులు, మొత్తం ఆరు రోజులు. మొదటి ముద్ద నోట్లో పెట్టిన దగ్గర్నుంచి గంటకి, రెండు గంటలకి గ్లూకోమీటర్‌తో చూడాలి. స్ట్రిప్పుల ఖర్చు ఉంటుంది కాబట్టి ఆ ఆరు రోజులకే పరిమితం చేశాం.

పదిన్నరకి తిన్నప్పుడు గంటకి 181, రెండు గంటలకి 156. మూడుంపావుకి 196, 171. రాత్రి పదిన్నరకి 233, 214. రెండో రోజు అంకెలు అటూ ఇటూ పదిలోపే ఉన్నాయి. గ్లూకోమీటర్‌లో 15 శాతం వరకు తేడా రావడం మామూలే కాబట్టి, పదీ పదిహేను అంకెల తేడాని నేను పట్టించుకోను. ఇక్కడ తేడా యాభై.

అదే అన్నం, అదే పప్పు. ఎందుకింత తేడా? మన ఒంట్లో ఒక గడియారం ఉంది. అది లోపల ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకి నోబెల్ ఇచ్చారు. చాలామందిలో పగటి పూట, ముఖ్యంగా ముందు భాగంలో, ఇన్సులిన్ బాగా పని చేస్తుంది. రాత్రి అయ్యేకొద్దీ ఆ పదును తగ్గుతుంది. దానికి తోడు ఈవిడ పదిన్నరకి తింటే, వెంటనే మూడు గంటలు నిలబడి, అటూ ఇటూ తిరుగుతూ పని చేస్తారు. కండరాలు కదులుతుంటే రక్తంలోని చక్కెరని తీసుకుంటాయి. రాత్రి తిన్న అరగంటకి పడుకుంటారు. గుండెల్లో మంటకి కూడా కారణం ఇదే. నిండు కడుపుతో పడుకుంటే కడుపులో ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. తిన్నాక కనీసం రెండు మూడు గంటలు ఆగి పడుకోమనేది అందుకే.

ఇంకో చిన్న పరీక్ష కొట్టుకి సెలవైన సోమవారాల్లో చేశాం. ఆ రోజుల్లో ఇంట్లో అందరితో కలిసి టిఫిన్ తింటారు. నాలుగు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ తిన్న రోజు గంటకి 219. రెండు పెసరట్లు, అల్లం పచ్చడి తిన్న రోజు 169. పెసరట్టు తక్కువ పెంచుతుందని నేను అనుకున్నదే. అనుకోనిది మూడోది. ఆవిడది దివిసీమ. చిన్నప్పటి నుంచీ చద్దన్నమంటే ప్రాణం, షుగర్ వచ్చాక భయంతో మానేశారు. 150 గ్రాముల చద్దన్నం, గట్టి పెరుగు, ఉల్లిపాయ, నంజుకోవడానికి ఉడికించిన గుడ్డు: 174. నేను రెండు వందలు దాటుతుందనుకున్నాను. వండి చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం త్వరగా అరగని రూపంలోకి మారుతుంది, పెరుగూ గుడ్డూ ఇంకొంత నెమ్మదింపజేస్తాయి. ఆ అంకె చూసి ఆవిడ ముఖంలో వచ్చిన సంతోషం నేను మర్చిపోలేను. ఏళ్ల తరబడి మానుకున్నది తిరిగి దొరికింది.

అయితే ఇది చదివి అందరూ చద్దన్నానికి మారిపోకూడదు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ 2015లో 800 మంది మీద చేసిన పరిశోధనలో, ఒకే తిండికి ఒక్కొక్కరి షుగర్ ఒక్కోలా పెరిగింది. ఒకరికి ఎక్కువ పెంచినది ఇంకొకరికి అంతగా పెంచలేదు. ఆవిడ అంకెలు ఆవిడవే.

కుదిరిన పద్ధతి

ఆగస్టు చివరికి ఇది కుదిరింది. ఐదుంపావుకి అర గ్లాసు టీ, అర స్పూను పంచదార. పదిన్నరకి రోజులో పెద్ద భోజనం. వంటలు దించేసి, వెనక గదిలో పీట వేసుకుని, పావుగంట కూర్చుని తినాలి. ముందు కూర, పప్పు సగం తిని, ఆ తర్వాత 200 గ్రాముల అన్నం, చివర పెరుగు. కూరా పప్పూ ముందు వెళితే అన్నం వల్ల వచ్చే పెరుగుదల తగ్గుతుంది. మూడుంపావుకి రెండో భోజనం: ఒక పెద్ద గిన్నెడు కూర, చేపో గుడ్డో పప్పో, 150 గ్రాముల అన్నం. పడుకునే ముందు కాలువ గట్టు మీద పదిహేను నిమిషాల నడక. సాయంత్రం ఆరింటికి ఒక కప్పు శనగ గుగ్గిళ్లు, టీ. రాత్రి ఇంటివాళ్లతో కూర్చున్నప్పుడు ఒక గిన్నెడు సొరకాయ పులుసో, ఆకుకూర పప్పుచారో, పెద్ద గ్లాసు మజ్జిగ.

అమ్మకానికి పెట్టకముందే తన వాటా కూర ఒక డబ్బాలో తీసి పక్కన పెట్టుకోవాలి. ఇది నేను చాలా గట్టిగా చెప్పాను. అడుగు మిగిలింది తినే అలవాటు మన ఆడవాళ్లలో ఎంత లోతుగా ఉందో, వాళ్ల రిపోర్టుల్లో నాకు రోజూ కనిపిస్తూనే ఉంటుంది. ఉప్పు చూడటానికి చిన్న స్పూను, ఒక్కో కూరకి ఒక్కసారి. వేపుళ్లు పనిలో సాయం చేసే అమ్మాయి చూడాలి.

మాత్రల వేళల గురించి ఆవిడ డాక్టరుగారికి ఉత్తరం రాసి పంపాను. ఆయన పొద్దుటి మాత్రని పదిన్నర భోజనంతో, రెండోదాన్ని సాయంత్రం గుగ్గిళ్లతో వేసుకోమన్నారు. మందుల విషయం ఎప్పుడూ డాక్టరే చెప్పాలి. డైటీషియన్ అందులో వేలు పెట్టకూడదు.

మొదటి వారం రాత్రులు కష్టంగా గడిచాయి. మూడో రాత్రి పదకొండింటికి మెసేజ్ వచ్చింది: "కళ్ల ముందు అన్నమే కనపడుతోందండి." ఆకలి పుట్టించే హార్మోను రోజూ తినే వేళకి అలవాటు పడి, ఆ వేళకి ముందే పెరుగుతుంది. ఏళ్ల అలవాటు మూడు రోజుల్లో పోదు. తట్టుకోలేకపోతే ఒక ఉడికించిన గుడ్డు తినండి, అన్నం గిన్నె మాత్రం బల్ల మీదకి తేవద్దు అన్నాను. పదో రోజుకి ఆ గోల తగ్గింది. రెండు వారాలకి గుండెల్లో మంట దాదాపు పోయింది. షుగర్ అంకెల కంటే ముందు ఆవిడకి నమ్మకం కలిగించింది అదే.

దసరాకి అంతా చెదిరిపోయింది. ఇంద్రకీలాద్రికి జనం పోటెత్తే పది రోజులు, మూలా నక్షత్రం రోజైతే ఊరంతా కిటకిట. కొట్టులో వంట అర్ధరాత్రి దాకా సాగింది. టీలు ఏడుకి చేరాయి, రాత్రి అన్నం తిరిగి వచ్చింది. పరగడుపు షుగర్ 118 నుంచి 141కి ఎక్కింది. ఆవిడ చాలా బాధపడ్డారు. నేను బాధపడొద్దన్నాను. పండగ పది రోజులు బతుకుతెరువు కూడా. వచ్చే దసరాకి ఏం చేయాలో ఇప్పుడే అనుకుందామని, ఆ పది రోజులకి ఒక్కటే నియమం పెట్టుకున్నాం: ఏది తప్పినా పదిన్నర భోజనం తప్పకూడదు. ఆ ఒక్కటీ ఉంటే మిగతా రోజు అదుపు తప్పదని ఆవిడ ఫోటోలే చెప్పాయి. పదిన్నరకి తినని రోజుల్లోనే సాయంత్రం బజ్జీలు, రాత్రి అన్నం.

ఇంట్లోనే ఇంకో కేసు

ఇది రాయకుండా వదలకూడదు. ఆవిడ భర్త ట్రాలీ ఆటో నడుపుతారు. ఆయనకీ షుగరే. భార్యకి తగ్గుతోందని చూసి, ఎవరికీ చెప్పకుండా ఆయన కూడా అదే పద్ధతి మొదలుపెట్టారు. రాత్రి మజ్జిగతో సరిపెట్టుకున్నారు. ఆయన వాడేది మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లైమిపిరైడ్ కలిసిన మాత్ర. గ్లైమిపిరైడ్ మనం తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని విడుదల చేయిస్తుంది. ఐదో రోజు రాత్రి తొమ్మిదింటికి చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. కూతురు గ్లూకోమీటర్ పెట్టి చూస్తే 62. డెబ్బై కన్నా తగ్గితే ప్రమాదం. అదృష్టం కొద్దీ ఆ అమ్మాయికి తెలుసు. మూడు స్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ చూసింది. 94కి వచ్చాక అన్నం పెట్టింది. ఆ సమయంలో ఆయన బండి మీద ఉండి ఉంటే?

మర్నాడు ఇద్దరూ వచ్చారు. ఆయన ఆకలి అంకెలు వేరు. పొద్దున ఎనిమిదింటికే ఏడు, పదిన్నరకి తింటే నిద్ర ముంచుకొస్తుంది, రాత్రి ఎనిమిదింటికి తినకపోతే ఉండలేరు. ఆయనకి మామూలు మూడు పూటల భోజనమే పడింది, ఎనిమిదింటికి, ఒంటిగంటకి, రాత్రి ఎనిమిదింటికి. ఆవిడకి నేను మొదట ఇచ్చిన చార్టుకి దాదాపు దగ్గరగా. ఒకే పొయ్యి మీద వండిన కూర, ఒకే కుండలో అన్నం, ఇద్దరికీ రెండు రకాల వేళలు.

అందుకే ఇన్సులిన్ గానీ, గ్లైమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా ఒక్క పూట కూడా మానవద్దు, వేళలు కూడా మార్చవద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఇలాంటి ప్రయోగాలు సొంతంగా చేయకూడదు. తిండి గురించి ఇదివరకే మానసికంగా నలిగిపోయినవాళ్లకి తూకాలూ అంకెలూ మేలు కన్నా కీడే చేస్తాయి.

మిగతావాళ్లు ఎవరైనా తమ పద్ధతి వెతుక్కోవాలంటే, మొదటి వారం ఏమీ మార్చకుండా చూసుకోవడంతో మొదలుపెట్టమంటాను. ఎక్కువమంది ఈ వారాన్ని దాటేసి నేరుగా మార్పులకి దూకుతారు, ఆవిడ మూడు చార్టులూ అలా పుట్టినవే. ఆకలి నిజంగా ఎప్పుడు వేస్తోందో, ఆకలి లేకుండా ఎప్పుడు తింటున్నామో, అప్పుడు మనకి కావలసింది తిండేనా అని చూసుకోవాలి. తర్వాత ఒకసారికి ఒక్కటే మార్చాలి, కనీసం పది రోజులు ఉంచాలి. వేళ, మోతాదు, పదార్థం మూడూ ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో తెలియదు. షుగర్ లేనివాళ్లు రోజూ సూది గుచ్చుకోనక్కర్లేదు. తిన్న రెండు గంటలకి మత్తుగా ఉందా హుషారుగా ఉందా, తర్వాతి భోజనం దాకా నిలబడగలిగామా, నిద్ర బాగా పట్టిందా, పొద్దున విరేచనం సాఫీగా అయిందా, ఈ నాలుగూ చాలు.

జనవరిలో చూసినప్పుడు

బరువు 66.9, నడుము 90. పరగడుపు 112, హెచ్‌బీఏ1సీ అక్టోబరు చివర్లో 7.0, జనవరిలో 6.6. డాక్టరుగారు రాసిన ఐరన్ మాత్రలతో హిమోగ్లోబిన్ 11.6కి వచ్చింది. మధ్యాహ్నం నిద్ర ఇంకా పోతున్నారు, కానీ నడిచి వచ్చాక, ఇరవై నిమిషాలే. మలబద్ధకం కూరగాయలు పెరిగిన నెలకే తగ్గింది. టీలు మూడు దగ్గర ఆగాయి. అంతకన్నా తగ్గించమని నేను అడగలేదు.

ఆ రోజు వచ్చేటప్పుడు ఆవిడ డబ్బాలో కూర తెచ్చారు. తెరిచి చూపించి, "ఇది నా వాటా మేడంగారూ, ఇవాళ ఇక్కడికి రావాలని పొద్దున్నే తీసి పెట్టుకున్నా" అన్నారు. టైం పదీ నలభై అయింది. బయట వరండాలో బెంచీ మీద కూర్చుని తినేసి లోపలికి వచ్చారు.

మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గవచ్చు కాబట్టి ఆ పరీక్ష రాయమని డాక్టరుగారికి చెప్పాం. మళ్లీ రావలసింది ఏప్రిల్‌లో. షుగర్ వచ్చినప్పటి నుంచీ ఒక్కసారి కూడా కంటి పరీక్ష చేయించుకోలేదు. కొట్టుకి సెలవైన సోమవారమే వెళ్లాలని, కూతుర్ని వెంట పెట్టుకుని వెళ్లమని ఫైలు మీద ఎర్ర సిరాతో రాసిచ్చాను.